ఓడెక్కినవాళ్ళు, బొమ్మకెక్కనివాళ్ళు

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్న మీ అమ్మాయి అక్కడి మ్యూజియంలో ఒక గుండ్రటి బొమ్మను ఫోటో తీసి పంపింది. ఓడ మీద భార్యాభర్తలు, గొడుగు, గాలికి ఎగిరే రిబ్బన్లు. దేశం వదిలిపోతూ ఆవిడ ఎందుకు ఏడవడం లేదన్నది మీ మొదటి ప్రశ్న. ఇలాంటి బొమ్మలు ఇంకేమున్నాయన్నది రెండోది. పెళ్ళి కాకుండా ఒంటరిగా ఆస్ట్రేలియా లాంటి బ్రిటిష్ వలస దేశాలకు, అంటే కాలనీలకు, వెళ్ళిన ఆడపిల్లల బొమ్మలు ఎంత వెతికినా దొరకలేదేమన్నది మూడోది. మూడోదే అసలు ప్రశ్న. కానీ మొదటిదాన్ని దాటకుండా అక్కడికి వెళ్ళలేం.

నేను ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. బొమ్మలు గీయడం నేర్పేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు, చూడడం నేర్పడం నా పని. ఈ బొమ్మను స్లయిడ్ మీద ఎన్నిసార్లు చూపించానో లెక్కలేదు. రిటైరయ్యాక మొదటిసారి అసలు దాని ముందు నిలబడ్డప్పుడు, ఇంత చిన్నదా అనిపించింది. ఇంచుమించు క్యారమ్ బోర్డంత ఉంటుంది. తెర మీద గోడంత చేసి చూపించడం వల్ల పిల్లలకి నేను ఇన్నేళ్ళూ ఒక అబద్ధం చెప్పినట్టే. అది దగ్గరికి వెళ్ళి, ఒంగి చూడాల్సిన బొమ్మ.

పేరు 'ది లాస్ట్ ఆఫ్ ఇంగ్లండ్'. గీసింది ఫోర్డ్ మాడక్స్ బ్రౌన్. 1852లో మొదలుపెట్టి 1855లో ముగించాడు. అతని స్నేహితుడు థామస్ వూల్నర్ అనే శిల్పి, ఇంకో ఇద్దరు మిత్రులతో కలిసి 1852 జులైలో ఆస్ట్రేలియా బంగారు గనులకు బయల్దేరాడు. అంతకు ముందు ఏడాదే అక్కడ బంగారం బయటపడింది. 1852 ఒక్క సంవత్సరంలో బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి మూడున్నర లక్షల మందికి పైగా దేశం వదిలి వెళ్ళారు. చేతిలో డబ్బాడక బ్రౌన్ కూడా మన దేశం వచ్చేద్దామా అని ఆలోచిస్తున్న రోజులవి. స్నేహితుణ్ణి సాగనంపి వచ్చి బొమ్మ మొదలుపెట్టాడు. ఇక్కడ ఒక్క సంగతి పట్టుకోండి. నిజంగా ఓడెక్కినవాళ్ళు ముగ్గురు మగవాళ్ళు. బొమ్మలోకి వచ్చేసరికి మధ్యలో ఒక భార్య కూర్చుంది. భర్తకి మోడల్ బ్రౌనే, భార్యకి మోడల్ అతని భార్య ఎమ్మా. మబ్బు పట్టిన రోజున సముద్రం మీద వెలుతురు ఎలా ఉంటుందో అలాగే రావాలని చాలావరకు ఆరుబయటే గీశాడు. ముఖాలూ చేతులూ గీసేటప్పుడు మరీ చలిగా ఉన్న రోజులు ఎంచుకున్నాడు. ఆ చలిలో ఎమ్మా కదలకుండా కూర్చుంది. ఆ ముక్కు ఎరుపు, ఆ బుగ్గల మీద ఎండిన మెరుపు రంగుల పెట్టెలోంచి ఊహించి తీసినవి కావు. టోపీ రిబ్బన్లది మంజిష్ఠ ఎరుపు. వాటికే నాలుగు వారాలు పట్టిందని బ్రౌన్ డైరీలో రాసుకున్నాడు.

ఇక చేతులు చూడండి. నా క్లాసులో మొదటి నియమం ఇదే: ముఖం చివర చూడు, ముందు చేతులు చూడు. ఆవిడ ఒక చేతికి గ్లౌజు ఉంది, ఆ చెయ్యి భర్త చేతిని పట్టుకుంది. రెండో చేతికి గ్లౌజు లేదు. బూడిదరంగు శాలువ మడతల్లోంచి ఒక బుల్లి చెయ్యి కాస్త బయటికి వచ్చింది, ఆ చేతిని పట్టుకుని ఉంది. శాలువ కింద పసిబిడ్డ. బిడ్డ ముఖం కనిపించదు, చెయ్యే కనిపిస్తుంది. చాలామంది మొదటిసారి చూసి అక్కడ బిడ్డ ఉందనే గమనించరు. మా విద్యార్థుల్లో సగం మంది మూడో స్లయిడు దాకా కనిపెట్టేవాళ్ళు కారు.

మీ మొదటి ప్రశ్నకి జవాబు ఆ చేతుల్లో ఉంది. దేశం వదలడం అనగానే మన కళ్ళకి అప్పగింతల ఘట్టం గుర్తొస్తుంది. ఆడపిల్ల గడప దాటుతూ వెనక్కి తిరిగి ఏడవాలి. బ్రౌన్ ఆ ఏడుపు ఇవ్వలేదు. పదేళ్ళ తర్వాత, 1865లో, తన ప్రదర్శన కేటలాగులో కారణం తనే చెప్పుకున్నాడు. భర్త చెదిరిపోయిన ఆశల గురించి కుమిలిపోతున్నాడు. భార్య దుఃఖం అంత చేదుది కాదు, చిన్ననాటి స్నేహితులు కొందరిని వదిలిన బాధ మాత్రమే. ఆమె ప్రేమించేవాళ్ళంతా ఆమెతోనే వస్తున్నారు. ఇదీ అతని భావం. మగవాడు దేశం పోగొట్టుకున్నాడు, ఆడదానికి మొగుడూ బిడ్డా ఉంటే దేశం ఉన్నట్టే. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు, నాకూ నచ్చదు. కానీ ఆవిడ ముఖంలో ఆ నిబ్బరం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇదే చెప్తుంది. ఆవిడ ధీరురాలని బ్రౌన్ అనడం లేదు. ఆవిడకి పోయిందేమీ లేదు అంటున్నాడు.

నేను మాత్రం ఆ కళ్ళని ఎన్నిసార్లు చూసినా అతని కేటలాగుతో ఏకీభవించలేకపోయాను. బొమ్మ చెప్పేది ఒకటి, గీసినవాడు పక్కన నిలబడి చెప్పేది ఇంకొకటి. అలాంటి చోట నేను బొమ్మనే నమ్ముతాను.

వెనకున్న జనాన్ని కూడా వదలొద్దు. ఓడ అంచుకి వల కట్టి, దానికి క్యాబేజీలు వేలాడదీశారు. అవి అందానికి కాదు. తెలిసినవాళ్ళకి ప్రయాణం చాలా దూరమని అర్థం కావడానికే పెట్టానని బ్రౌన్ రాశాడు. ఆ రోజుల్లో తెరచాప ఓడలో ఆస్ట్రేలియాకి మూడు నుంచి నాలుగు నెలలు. వెనక ఒకడు పుట్టిన నేల మీదికి పిడికిలి ఊపుతూ తిడుతున్నాడు, ముసలి తల్లి వాణ్ణి మందలిస్తోంది. ఇంకోవైపు కూరగాయల దుకాణం నడుపుకునే తరహా కుటుంబం ఒకటి. తండ్రి, పెద్ద కూతురు, చిన్న పిల్లలు. తల్లి లేదు. కేటలాగులో ఆ ముక్క బ్రాకెట్లలో పెట్టి వదిలేశాడు. తల్లి లేని ఇంట్లో పెద్ద కూతురు ఏమవుతుందో మన ఇళ్ళల్లో తెలియనివాళ్ళెవరు? ఆ ఓడ మొత్తం మీద భార్య కాని వయసు ఆడపిల్లని వెతికితే నాకు ఆమే దొరికింది. ఆమెకి కూడా చేతినిండా పిల్లలు. పడవ మీద రాసిన పేరు ఎల్డొరాడో, అంటే బంగారు దేశం. వూల్నర్‌కి బంగారం దొరకలేదు. అక్కడి పెద్దమనుషుల ముఖాలతో గుండ్రటి పతకాలు చేసి పొట్టపోసుకుని 1854లో తిరిగొచ్చాడు. అంటే బొమ్మ పూర్తయ్యే నాటికి, దానికి కారణమైనవాడు ఇంటి దగ్గరే ఉన్నాడన్నమాట.

రెండో ప్రశ్నకి గబగబా కొన్ని చెప్తాను. రిచర్డ్ రెడ్‌గ్రేవ్ 1858లో గీసిన 'ది ఎమిగ్రెంట్స్ లాస్ట్ సైట్ ఆఫ్ హోమ్' లండన్ టేట్ గ్యాలరీలో ఉంది. సముద్రం కనపడదు. ఇంగ్లండ్ పల్లెసీమ సర్రేలో కొండవాలు, కింద ఊరు, టోపీ ఎత్తి ఊపుతున్న తండ్రి, చుట్టూ కుటుంబం. చూడ్డానికి హాయిగా ఉంటుంది, నాకు అదే కాస్త అనుమానం. దేశం వదిలేంత కష్టం ఏమొచ్చిందో ఆ పచ్చదనంలో ఎక్కడా కనపడదు. విలియం ఆల్స్‌వర్త్ 'ది ఎమిగ్రెంట్స్' 1844 నాటిది, న్యూజిలాండ్ జాతీయ మ్యూజియం టె పాపాలో ఉంది. కలిగిన స్కాట్లండ్ కుటుంబం, టార్టన్ గళ్ళ బట్టలు, ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు ఉంటారు. ఏబ్రహాం సోలమన్ 1854లో గీసిన 'సెకండ్ క్లాస్' రైలు పెట్టెలో జరుగుతుంది. ఓడెక్కబోయే కొడుకుని తల్లి సాగనంపుతోంది, వెనక గోడ మీద ఆస్ట్రేలియా ఓడల పోస్టర్లు. ఇందులో ఆడవాళ్ళు మిగిలిపోయేవాళ్ళు.

మిగిలిపోయేవాళ్ళ బొమ్మల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది థామస్ ఫేడ్ 1865లో గీసిన 'ది లాస్ట్ ఆఫ్ ది క్లాన్'. గ్లాస్గోలో కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో ఉంది. రేవులో గుర్రం మీద తల వాల్చుకున్న ముసలాయన, చుట్టూ ఆడవాళ్ళు, పిల్లలు. ఓడ కనిపించదు. ఎందుకంటే మనం ఓడ మీద ఉన్నాం! తాడు విప్పేశారు, వాళ్ళు మన వంక చూస్తున్నారు. చూసేవాణ్ణి ఇలా దొంగచాటుగా వలసవాణ్ణి చేసేసిన బొమ్మ నాకు ఇంకోటి కనపడలేదు. దీని పక్కన జాన్ వాట్సన్ నికోల్ 1883లో గీసిన 'లోకాబర్ నో మోర్' పెట్టి చూడండి. స్కాట్లండ్ కొండల నుంచి గొర్రెల కోసం జనాన్ని వెళ్ళగొట్టిన కథ ఇది. గొర్రెల కాపరి ఓడ అంచున నిలబడి కొండల వంక చూస్తున్నాడు. భార్య చేతుల్లో తల దాచుకుని ముడుచుకుపోయింది. మీరు వెతికిన ఏడుపు ఇక్కడుంది, కానీ ముఖం మాత్రం చూపించలేదు.

మన దేశంతో ముడిపడిన ముక్క ఒకటి. హెన్రీ నెల్సన్ ఓనీల్ 1861లో వలసవాళ్ళ ఓడ కదిలే ఘట్టాన్ని 'ది పార్టింగ్ చీర్' అని గీశాడు. గ్రీనిచ్‌లోని సముద్రయాన మ్యూజియంలో ఉంది. అదే ఓనీల్‌కి పేరు తెచ్చిపెట్టింది అంతకు ముందు 1858లో చూపించిన 'ఈస్ట్‌వర్డ్ హో!'. అందులో 1857 తిరుగుబాటుని అణచడానికి బ్రిటిష్ సైనికులు మన వైపు బయల్దేరుతున్నారు, వాళ్ళ పెళ్ళాలు నిచ్చెన మీదుగా ఓడ దిగిపోతున్నారు. మొగుడితో కలిసి కాలనీకి పోతే ఆడది ఓడెక్కుతుంది, మొగుడు యుద్ధానికి పోతే దిగుతుంది. రెండిట్లోనూ ఆమె ఎక్కడుండాలో నిర్ణయించేది అతని ఉద్యోగమే.

ఇప్పుడు మూడో ప్రశ్న. 1851 జనాభా లెక్కల్లో గ్రేట్ బ్రిటన్‌లో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళు ఐదు లక్షలు ఎక్కువ తేలారు. కాలనీల్లో మగవాళ్ళు ఎక్కువ, ఆడవాళ్ళు తక్కువ. ఇక్కడ మిగులు, అక్కడ కొరత, ఓడలో ఎక్కించి పంపేద్దాం అని లెక్కలు కట్టారు, ధాన్యం బస్తాల గురించి మాట్లాడినట్టు. డబ్ల్యూ.ఆర్. గ్రెగ్ అనే రచయిత 1862లో ఈ లెక్కనే పెద్ద వ్యాసంగా రాశాడు. అసలు ఒంటరి ఆడవాళ్ళని పంపడం 1830ల నుంచే ఉంది. 1848 నుంచి 1850 వరకు ఐర్లండ్ కరువులో అనాథలైన నాలుగు వేల మందికి పైగా ఆడపిల్లలని వర్క్‌హౌసుల (దిక్కులేనివాళ్ళ చేత పని చేయించుకుని తిండి పెట్టే సర్కారు ఆశ్రమాల) నుంచి ఆస్ట్రేలియాకి పంపారు. ఒక్కొక్కరికీ ఒక చెక్కపెట్టె ఇచ్చారు. అందులో ఆరు లోపలి చొక్కాలు, ఆరు జతల మేజోళ్ళు, రెండు జతల బూట్లు, రెండు గౌన్లు. చాలామందికి జీవితంలో మొదటిసారి సొంతమన్నది ఆ పెట్టే. లండన్‌లో సూదిపని చేసి ఆకలికి మాడే ఆడవాళ్ళని పంపడానికి సిడ్నీ హెర్బర్ట్ అనే రాజకీయ నాయకుడు 1849లో ఒక నిధి పెట్టాడు. గవర్నెస్‌ల కోసం, అంటే కలిగినవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకి చదువు చెప్పే ఆడవాళ్ళ కోసం, మరియా రై అనే ఆవిడ 1862లో ఒక సంఘం పెట్టింది.

అంటే ఓడల నిండా పెళ్ళికాని ఆడవాళ్ళున్నారు. ఆయిల్ పెయింటింగుల్లో దాదాపు లేరు.

ఎక్కడున్నారంటే, అచ్చు కాగితాల్లో ఉన్నారు. 1832లోనే ఆల్ఫ్రెడ్ డుకోట్ ఒక లితో (రాతి అచ్చు) కార్టూన్ వేశాడు. సీతాకోకచిలుక రెక్కలతో ఆడవాళ్ళు సముద్రం మీదుగా టాస్మేనియాకి ఎగిరిపోతుంటారు, అవతలి ఒడ్డున మగవాళ్ళు వలలు పట్టుకుని నిలబడి ఉంటారు. నవ్వొస్తుంది, ఒక నిమిషం తర్వాత ఒళ్ళు మండుతుంది. 1850లో పంచ్ అనే లండన్ హాస్య పత్రిక ఇటు స్వదేశంలో దిక్కులేని సూదిపనామె, అటు కాలనీలో ఇల్లూ వాకిలీ పిల్లలతో అదే ఆమె, అని జంట బొమ్మ వేసింది. సచిత్ర వారపత్రికల చెక్క అచ్చు బొమ్మల్లో ఓడ లోపలి బల్లలు, పడకలు, తిండి కోసం వరసలు కనిపిస్తాయి. వలస ఓడలో బ్రహ్మచారులు ముందు భాగాన, పెళ్ళైనవాళ్ళు మధ్యలో, ఒంటరి ఆడవాళ్ళు వెనక భాగాన. వాళ్ళకి కాపలాగా ఒక మేట్రన్. పగలు చేతులు ఖాళీగా ఉండకుండా కుట్టుపని. పత్రికల చిత్రకారులు అక్కడికి కాగితం పట్టుకుని పోయారు. రాయల్ అకాడమీ ప్రదర్శనలకి ఆయిల్ బొమ్మలు గీసే చిత్రకారులు పోలేదు.

ఎందుకు పోలేదన్నది నా అభిప్రాయంగానే తీసుకోండి. ఈ బొమ్మలు కొన్నది మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌ల మిల్లు యజమానులు, వ్యాపారులు. వాళ్ళ భోజనాల గదిలో వేలాడాలి. కుటుంబంతో వెళ్ళే ఆడదాని దుఃఖం గౌరవమైన దుఃఖం. ఒంటరిగా ఓడెక్కే అమ్మాయిని గీస్తే, ఈమె ఎవరు, ఎందుకు పోతోంది, ఏమైనా జరిగిందా అని అతిథులు అడుగుతారు. 1830ల నుంచే ఆ ఓడల్లో వెళ్ళినవాళ్ళ శీలం గురించి రెండు తీరాల్లోనూ పత్రికలు నోరు పారేసుకున్నాయి. ఆ కాలపు చిత్రకళకి ఒంటరి పేద ఆడదానికి తెలిసిన భంగిమలు రెండే. కిటికీ పక్క కన్నీళ్ళతో పవిత్రంగా మాడిపోయేది ఒకటి, వంతెన కింద పడిపోయినది ఇంకొకటి. తన కాళ్ళ మీద తను నడిచి ఓడెక్కేదానికి భంగిమ లేదు.

దీనికి సాక్ష్యంగా ఒకే మనిషి గీసిన రెండు బొమ్మలు పక్కపక్కన పెడతాను. పైన చెప్పిన రెడ్‌గ్రేవే 1840లలో 'ది సెంప్‌స్ట్రెస్' అనే బొమ్మని రెండుసార్లు గీశాడు. అటక మీద గది, ఒంటరిగా చొక్కాలు కుట్టే అమ్మాయి, పైకెత్తిన కళ్ళు. 1846 ప్రతిలో గడియారం రాత్రి రెండున్నర చూపిస్తుంది. నాలుగేళ్ళు తిరక్కుండా సిడ్నీ హెర్బర్ట్ నిధి ఓడెక్కించింది సరిగ్గా ఇలాంటి అమ్మాయిల్నే. వలస మీద రెడ్‌గ్రేవ్ బొమ్మ గీసింది 1858లో. అందులో ఎవరున్నారు? కొండ మీద నిండు కుటుంబం. అటక మీది అమ్మాయి మెట్లు దిగి రేవు దాకా నడిచిన దారి ఆ రెండు బొమ్మల మధ్య ఖాళీలో ఉండిపోయింది.

మినహాయింపు ఒకటి చెప్తాను, మీ అమ్మాయికి మెల్‌బోర్న్ వెళ్ళే అవకాశం వస్తే చూడమనండి. మార్షల్ క్లాక్స్‌టన్ 1859లో గీసిన 'ఏన్ ఎమిగ్రెంట్స్ థాట్స్ ఆఫ్ హోమ్' అక్కడి నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాలో ఉంది. చిన్న బొమ్మ, అట్ట మీద ఆయిల్. ఒక్కతే కూర్చున్న యువతి, చూపు ఎక్కడో. క్లాక్స్‌టన్ 1850 నుంచి నాలుగేళ్ళు సిడ్నీలో ఉండి, తర్వాత కలకత్తా వెళ్ళి, ఇంగ్లండ్ తిరిగొచ్చాక గీసిన బొమ్మ ఇది. తను స్వయంగా ఓడల్లో బతికినవాడు కాబట్టే ఆమె పక్కన మొగుణ్ణి పెట్టాలన్న తొందర లేకపోయిందని నా ఊహ. అదే గ్యాలరీలో టామ్ రాబర్ట్స్ 'కమింగ్ సౌత్' కూడా ఉంది, 1886 నాటిది. అతను ముందు ఏడాది లూసిటానియా అనే స్టీమర్‌లో వచ్చాడు (1915లో మునిగిపోయిన లూసిటానియా కాదు, అది తర్వాతిది). డెక్కు మీద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు, బిడ్డతో తల్లి. వీడ్కోలు లేదు, పిడికిలి లేదు, ప్రయాణంలో ఉండే విసుగు ఉంది. స్టీమర్లొచ్చి నెలలు వారాలయ్యాక బొమ్మలో కన్నీళ్ళూ తగ్గాయి.

కరొలిన్ చిషోమ్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. మొగుడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో మద్రాసులో ఉండగా, 1834లో ఆవిడ అక్కడ యూరోపియన్ సిపాయిల కూతుళ్ళకి వంటా ఇంటిపనీ నేర్పే బడి పెట్టింది. తర్వాత సిడ్నీ వెళ్ళి, ఓడ దిగి వీధిలో పడుకునే అమ్మాయిలకి 1841లో ఆశ్రయం తెరిచింది. తెల్లగుర్రం మీద ముందు నడుస్తూ వాళ్ళని లోపలి పల్లెలకి తీసుకుపోయి పనుల్లో పెట్టేది. 1852లో ఆంజెలో కొలెన్ హేటర్ ఆవిడ చిత్తరువు గీశాడు, తర్వాతి శతాబ్దంలో ఆస్ట్రేలియా ఐదు డాలర్ల నోటు మీదికీ ఎక్కింది. పంపినామెకి చిత్తరువుంది, వెళ్ళిన అమ్మాయిలకి లేదు.

ఆ మూడు ప్రశ్నలతో పాటు, మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళ మాటేమిటని కూడా మీరు చివర్లో అడిగారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ఒప్పందపు కూలీలతో ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ కాలనీలో డర్బన్ రేవు చేరింది, అందులో తెలుగువాళ్ళున్నారు. తర్వాత్తర్వాత వంద మంది మగ కూలీలకి నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని నియమం పెట్టారు, కాబట్టి ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలోనే వెళ్ళారు. వాళ్ళ మీద ఆయిల్ పెయింటింగ్ కోసం వెతక్కండి. నేటాల్ ఓడ జాబితాల్లో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ లేదా మచ్చ దొరుకుతాయి. మారిషస్‌లో 1860ల నుంచి ఫోటోలు కూడా తీశారు. అవి అక్కడి మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. గుర్తింపు కోసం తీసినవి కాబట్టి ముఖం సూటిగా కెమెరా వైపే ఉంటుంది, చేతులు ఫ్రేములోకి రావు.

మీ అమ్మాయి మళ్ళీ బర్మింగ్‌హామ్ మ్యూజియంకి వెళ్తే ఆ గది తెరిచి ఉందో లేదో ముందు వెబ్‌సైటులో చూసుకోమనండి, అక్కడ మరమ్మతులకి గదులు మూస్తూ ఉంటారు. వెళ్ళాక ఫోటో మళ్ళీ తీసి పంపమనండి. ఈసారి మొత్తం బొమ్మ వద్దు. శాలువలోంచి వచ్చిన ఆ బుల్లి చెయ్యి ఒకటి, వెనక తల్లిలేని పెద్ద కూతురు ఒకటి, చాలు. రెండోది కొంచెం వెతకాలి.